ఏ వేళ కరెంటు? ఎవరి నేల మీద?

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించి 160 గిగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. మరుసటి జనవరిలో తెలంగాణ కూడా తన విధానం తెచ్చి, 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్లు అంది. అణు, జల విద్యుత్తును కూడా కలుపుకుంటే 2025 జూన్ నాటికి దేశ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిల్‌తో సంబంధం లేనిదే. ఈ అంకెలు చూస్తే బొగ్గు పని ఇక అయిపోయిందనే అనిపిస్తుంది. అయితే దేశంలో పుట్టే ప్రతి పది యూనిట్లలో ఏడు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి.

ఈ రెండు లెక్కలూ నిజమే. మెగావాట్ అనేది యంత్రం తాహతు, యూనిట్ అనేది అది చేసిన పని. ఒక మెగావాట్ యంత్రం ఏడాది పొడవునా ఆగకుండా తిరిగితే 87 లక్షల యూనిట్ల పైచిలుకు రావాలి. మన ఎండలో ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు ఇచ్చేది సుమారు 17 లక్షలు. మంచి గాలి ఉన్న చోట గాలిమర అంతకంటే కొంత ఎక్కువ ఇస్తుంది. కాబట్టి ప్రారంభోత్సవ శిలాఫలకం మీది మెగావాట్లు చూసి సంబరపడినా, పెదవి విరిచినా తొందరపాటే అవుతుంది.

పునరుత్పాదక ఇంధనాల్లో ఏది మంచిదని అడిగితే సమాధానం దొరకదు. ప్రతి దాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. అది ఏ వేళకు వస్తుంది? ఎవరి నేల మీద వస్తుంది? యూనిట్ ధర ఈ రెండు జవాబుల్లోంచే పుడుతుంది. రెండోదాని ఖర్చులో చాలా భాగం బిల్లులో కనబడకుండా పోతుంది కూడా. తెలుగు నేల మీద నీరు, గాలి, ఎండ, పొట్టు, చెత్త అన్నిటితోనూ కరెంటు తీస్తున్నారు గనక ఈ పరీక్షకు ఉదాహరణల కోసం దూరం వెళ్లక్కర్లేదు.

నీరు: పాత నేస్తం, పాత తగువు

ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్‌లో 1955లో యంత్రాలు తిరగడం మొదలైంది. తర్వాత సీలేరు, నాగార్జునసాగర్, శ్రీశైలం వచ్చాయి. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రాలున్నాయి. జల విద్యుత్తుకు ఉన్న అసలు బలం, అడిగినప్పుడు రావడం. బొగ్గు ప్లాంటు చల్లబడితే మళ్లీ వేడెక్కి పూర్తి స్థాయికి చేరడానికి గంటలు పడుతుంది. జల విద్యుత్ కేంద్రం మాత్రం నిమిషాల్లో అందుకుంటుంది. ఇంధనం ఖర్చు లేదు. పెట్టుబడి తీరిపోయిన పాత కేంద్రాల యూనిట్ చాలా చవక. సాయంత్రం రాష్ట్రమంతా ఒక్కసారిగా స్విచ్చులు వేసే వేళకు ఇంతకంటే నమ్మకమైన తోడు లేదు.

ఇక నేల సంగతి. శ్రీశైలం జలాశయం కింద నూటికి పైగా ఊళ్లు మునిగాయి, లక్ష మంది దాకా చెదిరిపోయారు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన తీరును నల్లమల అంచు పల్లెలు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. గుడికి దొరికినంత శ్రద్ధ మనుషులకు దొరకలేదన్నది నిర్వాసితుల మాట. అప్పటి పరిహారం యూనిట్ ధరలో ఎక్కడా కలవలేదు. పాత జల విద్యుత్తు చవకగా ఉండటానికి అదీ ఒక కారణం.

కృష్ణను నింపేది మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిసే వాన. అక్కడ మొహం చాటేస్తే ఇక్కడ యంత్రాలు ఆగిపోతాయి. 2015లోనూ 2023లోనూ అదే జరిగింది. నీళ్లు ఉన్న ఏడు ఇంకో తగువు. కరెంటు కోసం కిందికి వదిలితే మట్టం తగ్గి రాయలసీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు తూముకు అందవని ఆంధ్రప్రదేశ్ అంటుంది. శ్రీశైలం కట్టిందే కరెంటు కోసమని తెలంగాణ అంటుంది. 2021 జులైలో ఈ వాదన ముదిరి డ్యాముల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులూ మోహరించారు. ప్రమాదం మాటకొస్తే, 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. ఇంత చరిత్ర ఉన్నాక కొత్తగా పెద్ద డ్యాములు కట్టి కరెంటు పెంచుదామనేవారు తక్కువ. ఉన్న డ్యాముల నీటిని ఏ గంటకు వదలాలన్నదే ఇప్పటి ప్రశ్న.

గాలి: నాలుగు నెలల రాజ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు వెలిశాయి. తర్వాత ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు వైపు విస్తరించాయి. వాన అంతగా ఇవ్వని నైరుతి రుతుపవనం రాయలసీమకు గాలినైతే దండిగా ఇస్తుంది. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా మరలకు పండగ. మబ్బు పట్టి సోలార్ తగ్గే నెలలు కూడా అవే. గాలి రాత్రిపూట కూడా వీస్తుంది గనక ఎండ పోయిన లోటును కొంత పూడుస్తుంది. అంటే గాలీ ఎండా పోటీదారులు కావు, ఒకదాని సెలవులో ఒకటి పనిచేసేవి.

నేల విషయంలోనూ గాలి కాస్త మర్యాదస్తురాలే. స్తంభం దిమ్మెకూ దారికీ పోను మిగిలిన చేలో వేరుశనగ వేసుకోవచ్చు, గొర్రెలు మేపుకోవచ్చు. ఇబ్బందులు లేకపోలేదు. అంత పొడవు రెక్కలను గుట్ట ఎక్కించాలంటే గుట్టనే తొలిచి దారి వెయ్యాలి. తొలిచిన మట్టి వానకు కిందికి దిగి చేలల్లో, కుంటల్లో చేరుతుంది. ఊరికి దగ్గరైతే రాత్రంతా హోరు. తీగలకు తగిలి పక్షులు చస్తాయి. బట్టమేక పిట్ట లాంటి బరువైన పక్షి తీగను దూరం నుంచి గమనించి తప్పుకోలేదు.

గాలికి అసలు చిక్కు ఒప్పందాల్లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 4.84 రూపాయల స్థాయిలో పాతికేళ్ల ఒప్పందాలు రాసుకున్నారు. 2017 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి గాలికి వేలం పెడితే ధర 3.46కు, ఆ ఏడాది చివరికి గుజరాత్‌లో 2.43కు దిగింది. 2019లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం పాత ఒప్పందాలను కూడా ఆ ధరకే తగ్గించమంది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో రాసిన ధరే చెల్లించమని తీర్పు చెప్పింది. వినియోగదారుడి వైపు నుంచి చూస్తే ధర పడిపోతున్న సరుకును పాతికేళ్లకు ఒకే రేటున కొనడం తెలివితక్కువ. పెట్టుబడిదారు వైపు నుంచి చూస్తే సంతకం చేసిన ప్రభుత్వమే మాట తప్పితే తర్వాతి టెండరులో ఆ భయాన్నీ కలిపే ధర వేస్తాడు. రెండు తప్పులకూ చివరికి బిల్లు కట్టేవాడే పూచీ.

ఒక మంచి అవకాశాన్ని మాత్రం ఇంకా సరిగా వాడుకోలేదు. గాలి బాగా వీచే గుట్టలన్నీ ముందే వచ్చిన పాత చిన్న మరల చేతుల్లో ఉన్నాయి. అవి కొన్ని వందల కిలోవాట్లవి, ఇప్పటివి మూడు మెగావాట్లకు పైన. పాతవి దింపి కొత్తవి ఎక్కిస్తే కొత్త నేల పెద్దగా అడగకుండానే కరెంటు పెరుగుతుంది.

ఎండ: చవక సరుకు, మధ్యాహ్నపు సరుకు

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 2017లో పూర్తయ్యేనాటికి ప్రపంచంలోని అతి పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి. గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్లు. ధర పడిపోయిన వేగం ఇంకా ఆశ్చర్యం. 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ టెండరులో 4.63 రూపాయలు పలికితే అబ్బో ఎంత చవక అన్నారు. 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు 3.15, మరుసటి నెల రాజస్థాన్ భడ్లాలో 2.44, 2020 చివర గుజరాత్‌లో 1.99. కొత్త బొగ్గు ప్లాంటు ఏదీ ఈ ధరకు కరెంటు ఇవ్వలేదు. ఇంధనం ఖర్చు, పొగ గొట్టం, బూడిద చెరువు ఏవీ లేవు. ఏడాదిన్నర, రెండేళ్లలో కట్టేయవచ్చు.

తెలుగు రాష్ట్రాలకు ఎండతో ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. అది వ్యవసాయ మోటార్లు. ఆంధ్రప్రదేశ్ రైతుకు పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు, తెలంగాణ 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నాయి. బోరు మోటారు మధ్యాహ్నం తిరిగినా నష్టం లేదు. ఒకప్పుడు రాత్రి విడతలో కరెంటిస్తే చీకట్లో పొలానికి వెళ్లి పాము కాటుకో షాకుకో బలైన రైతులు ఎందరో. పగటి కరెంటు ఆ బాధ తప్పించింది, ఎండ ఉత్పత్తికి ఎండ వేళే గిరాకీనీ చూపించింది. అయితే ఉచితానికి చవక కూడా తోడైతే బోరు ఆపే కారణమేముంటుంది? కరెంటు పునరుత్పాదకమే కావచ్చు గానీ, రాతి పొరల్లోని నీళ్లు అంత తొందరగా ఊరవు.

ఎండకున్న లోపాల్లో మొదటిది విచిత్రం. సోలార్ పలకకు వెలుగు కావాలి, వేడి అక్కర్లేదు. పాతిక డిగ్రీలు దాటాక పలక వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెల రాయలసీమలో ఈ తరుగు చిన్నది కాదు. రెండోది దుమ్ము. కడగాలంటే నీళ్లు కావాలి, తాగునీటికే కటకటలాడే మండలాల్లో. నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వచ్చాయి, అన్ని చోట్లా వాడటం లేదు. మూడోది పాతికేళ్ల తర్వాత ఈ పలకల గతి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలను చేర్చారు గానీ వాటిని విప్పి గాజు, వెండి, సిలికాన్ వేరుచేసే పరిశ్రమ ఇంకా ఎదగలేదు.

వీటన్నిటికంటే పెద్దది నేల. మెగావాట్‌కు నాలుగు నుంచి ఆరు ఎకరాలు కావాలి, గాలిమర కింద లాగా సాగుకు వీలుండదు. పట్టా ఉన్న రైతుకు కౌలో పరిహారమో అందుతుంది. వానాధారపు చేను ఇచ్చేదానికంటే ఏటా వచ్చే కౌలు మేలనుకునే రైతులూ ఉన్నారు, వారిని తప్పుపట్టలేం. కానీ కాగితం లేకుండా తరాలుగా దున్నుకుంటున్నవాడు, ఆ చేలో కూలికి వెళ్లేవాడు, ఆ బీడులో గొర్రెలు మేపేవాడు ఏ జాబితాలోనూ ఉండరు. అధికారుల రికార్డులో బంజరుగా రాసి ఉన్నది ఊరి లెక్కలో మేత పొలం. కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది, కట్టాక కాపలాకూ కడగడానికీ కొద్దిమంది చాలు.

పెద్ద పార్కులు తప్ప దారి లేదా? ఉంది. తెలంగాణ మొదట్లో వేరే బాట పట్టింది. ఒకే చోట వేల ఎకరాలు సేకరించకుండా జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల పక్కన చిన్న ప్లాంట్లకు అనుమతులిచ్చింది. కరెంటు పుట్టిన చోటికి దగ్గర్లోనే ఖర్చయితే పొడవాటి లైన్లు, వాటిలో పోయే నష్టం తగ్గుతాయి. రామగుండంలో ఎన్‌టీపీసీ 2022లో 500 ఎకరాల జలాశయం మీద 100 మెగావాట్ల తేలే ప్లాంటు పెట్టింది. అంతకు ముందు ఏడాది సింహాద్రిలో 25 మెగావాట్లు. నేల అడగదు, నీరు ఆవిరవడం తగ్గుతుంది, పలక చల్లగా ఉంటుంది. ఖర్చు కొంత ఎక్కువ. చేపలు పట్టేవారున్న చెరువైతే వారి వాటా ముందే తేల్చాలి.

ఇంటి పైకప్పు మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. మూడు కిలోవాట్లంటే రోజుకు దాదాపు పన్నెండు యూనిట్లు, మధ్యతరగతి ఇంటికి సరిపోతుంది. ఎవరి నేలా పోదు. ఇద్దరు ముఖ్యమంత్రులూ తమ సొంత ఊళ్లు నారావారిపల్లె, కొండారెడ్డిపల్లిల్లో ముందుగా సోలార్ పెట్టించారు. అందరి ఊరూ ముఖ్యమంత్రి ఊరు కాదు కదా. అద్దె ఇంటివాడికి, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తువాడికి పైకప్పు లేదు. పైకప్పు ఉన్నవాళ్లలో చాలామంది ఎక్కువ స్లాబులో ఎక్కువ కట్టేవాళ్లు. వాళ్లు తప్పుకుంటే డిస్కంకు తగ్గే రాబడి మిగిలినవారి మీద పడుతుంది.

సాయంత్రం ఏడు గంటలకు

అందరి టమాటా ఒకేరోజు మదనపల్లె యార్డుకు వస్తే ఏమవుతుందో ఎండ కరెంటుకు మధ్యాహ్నం అదే అవుతోంది. విద్యుత్ ఎక్స్ఛేంజీలో ఎండ కాసే గంటల్లో యూనిట్ రెండు రూపాయల లోపుకు పడిన రోజులున్నాయి. అదే యూనిట్ సాయంత్రం ఏడింటికి గరిష్ఠ పరిమితి పది రూపాయలను తాకిన రోజులూ ఉన్నాయి. కొన్నిసార్లు గ్రిడ్ తట్టుకోలేక ప్లాంట్లను ఆపమంటారు. ఎండ యూనిట్ రెండున్నర రూపాయలేనని మురిసిపోయే ముందు, సాయంత్రం కొనే యూనిట్ ఎంతో కూడా అడగాలి. రెండూ కలిపి వచ్చేదే మన బిల్లు.

అందుకే నిల్వ. మధ్యాహ్నపు చవక కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీయడం పాత పద్ధతే. సాగర్‌లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు యంత్రాలు రెండు వైపులా తిరిగేవే. కొత్తగా నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల కేంద్రం వచ్చింది. నదికి అడ్డు కట్టకుండా రెండు జలాశయాల మధ్య అదే నీటిని తిప్పుతారు. తోడటానికి వంద యూనిట్లు వాడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఆ తరుగు పోయినా వేళ మారినందుకు లాభమే. ఒకసారి కడితే నలభై, యాభై ఏళ్లు ఢోకా ఉండదు.

కానీ దీనికి ఎత్తుపల్లాలున్న చోటే కావాలి. అలాంటి కొండలు తూర్పు కనుమల్లో ఉన్నాయి, అక్కడ ఆదివాసీలున్నారు. అల్లూరి జిల్లాలో ఎర్రవరం, పెదకోట లాంటి ప్రతిపాదనలను ఊళ్లు వ్యతిరేకిస్తున్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు భూమి కట్టబెట్టడాన్ని 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు అడ్డుకుంది. గ్రామసభను సంప్రదించాలని పెసా చట్టం చెబుతుంది. మాచ్‌ఖండ్, సీలేరు కరెంటు మైదానానికి వెళ్లగా చీకట్లో మిగిలిన పల్లెల వారసులు ఇప్పుడు మళ్లీ అదే మాట వింటున్నారు. వారి అనుమానాన్ని అభివృద్ధి నిరోధమని కొట్టిపారేయడం అన్యాయం.

ఇంకో దారి బ్యాటరీలు. 2022లో కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకి టెండరులో మెగావాట్‌కు నెల అద్దె 10.8 లక్షల రూపాయలుండేది. మూడేళ్లలో వేర్వేరు రాష్ట్రాల టెండర్లలో అది రెండు లక్షల దరిదాపులకు పడింది. సబ్‌స్టేషన్ ఆవరణలోనే పెట్టొచ్చు, ఊరూ అడవీ కదలవు. ఇచ్చేది రెండు, నాలుగు గంటలే, పదీ పదిహేనేళ్లకు మార్చాలి, లిథియం దిగుమతి చేసుకోవాలి. అయినా సాయంత్రపు గండం కూడా నాలుగు గంటలదే. వారం రోజులు మబ్బు పట్టి గాలి కూడా ఆగితే మాత్రం బ్యాటరీ చాలదు. అప్పటికి కొండ మీది నీరో, బొగ్గో కావాలి.

పొట్టు, చెత్త, ఇంకొన్ని

బయోమాస్ వేళ చూసుకోదు, కాల్చినప్పుడు కరెంటు. దాని చిక్కు ఇంధనమే. వరి ఊక ఊరికే పోతోందన్న లెక్కతో ఒకప్పుడు చిన్న ప్లాంట్లు చాలానే వచ్చాయి. ప్లాంట్లు కొనడం మొదలెట్టగానే ఊకకు రేటు వచ్చింది. ఇటుక బట్టీలు, బాయిలర్లు కూడా అదే ఊక కోసం పోటీపడ్డాయి. గిట్టక కొన్ని మూతపడ్డాయి. చెరకు పిప్పి కరెంటు ఫ్యాక్టరీ ఆడే నెలలకే పరిమితం.

చెత్త కరెంటును కరెంటు లెక్కన చూడకూడదు. హైదరాబాద్ జవహర్‌నగర్ ప్లాంటు ఇచ్చేది కొన్ని పదుల మెగావాట్లే, నగరం అవసరంలో అదెంత? దాని అసలు పని గుట్ట తగ్గించడం. మన చెత్తలో తడి ఎక్కువ గనక సరిగా మండదు. ఇంటి దగ్గరే తడీ పొడీ వేరుచేస్తే తడిది గ్యాసుకు పనికొస్తుంది. గ్యాసు వైపు ఇప్పుడు పెట్టుబడులూ వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. గడ్డి పెంచి గ్యాసు తీస్తారు, మిగిలింది ఎరువవుతుంది. ఆ మెట్ట నేలలో గడ్డికి నీళ్లెక్కడివన్నదే తేలాలి.

భద్రాద్రి జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి భూగర్భ వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగం చేసింది. చూడముచ్చటైన ప్రయోగమే గాని, ఊళ్లు వెలిగించేంతది కాదు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన హరిత హైడ్రోజన్ కేంద్రం లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారమే తొమ్మిది లీటర్ల నీళ్లు కావాలి, అంటే రోజుకు 1.35 కోట్ల లీటర్లు. అందులోనూ హైడ్రోజన్ కరెంటు ఇచ్చేది కాదు, తినేది. ఎరువులు, ఉక్కు లాంటి పరిశ్రమలకు అవసరమే. ఇళ్లకు కరెంటు ఇచ్చే వనరుగా లెక్కపెట్టకూడదు.

లెక్క కట్టే తీరు

ఇంతా చూశాక ఒక వరస కనిపిస్తుంది. ఎండను మోటార్లకు, పగటి షిఫ్టులకు, పైకప్పులకు వాడుకోవాలి. గాలికి కొత్త గుట్టల కంటే ముందు పాత గుట్టలు చూడాలి. డ్యాముల నీటిని ఎగువ దిగువ రైతుల కోటా తేల్చుకున్నాక సాయంత్రానికి దాచాలి. నిల్వకు ముందు బ్యాటరీ, ఆ తర్వాత మైదానపు అంచు గుట్టలు, గ్రామసభ ఒప్పుకున్నాకే ఏజెన్సీ కొండలు. పొట్టును, పేడను, తడి చెత్తను కాల్చడం కంటే గ్యాసుగా వాడితే మేలు. బొగ్గు ఒక్కసారిగా పోదు. అది రోజంతా నడిచే పని నుంచి అవసరానికి నడిచే పనికి మారుతుంది, అలా మారడానికయ్యే ఖర్చునూ ఒప్పుకోవాలి.

ఈ వరసతో విభేదించేవారు ఉంటారు. విభేదించడానికైనా లెక్క కనబడాలి. ఇప్పుడు విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు వచ్చే ప్రతి ఒప్పందంలో కొట్టొచ్చినట్టు కనిపించేది యూనిట్ ధర ఒక్కటే. దాని పక్కన ఇంకో రెండు గడులు తప్పనిసరి చెయ్యాలి. ఈ కరెంటు ఏయే గంటల్లో ఎంత వస్తుంది, రాని గంటలకు ఎంతకు కొంటారన్నది ఒకటి. ఎన్ని ఎకరాలు, అందులో పట్టా ఎంత, పట్టా లేని సాగు ఎంత, మేత ఎంత, వారికి ఏటా ఏమి ఇస్తారన్నది రెండోది. ఈ రెండూ నింపిన తర్వాత కూడా చవకగా ఉండే కరెంటే నిజంగా చవక. బహిరంగ విచారణకు ఏటా పిలుస్తారు, అభ్యంతరాలు రాసివ్వమంటారు. ఈసారి రాయాల్సిన అభ్యంతరం ఇదే.